పుత్తూరులో ఇంకో అంగడి తెరిచాం, ట్యాలీని క్లౌడ్‌లోకి మార్చాలా?

పైపుల_అంగడి, తిరుపతి:

అందరికీ నమస్కారం. మాది పైపులు, శానిటరీ సామాన్ల వ్యాపారం. తిరుపతిలో పెద్దంగడి, కరకంబాడి రోడ్డులో గోడౌను ఉన్నాయి, పోయినేడాది పుత్తూరులో చిన్నది ఇంకోటి తెరిచాం. లెక్కలు, బిల్లులు, స్టాకు చూసుకునే ట్యాలీ సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక్కటే, తిరుపతిలో గల్లా పక్కనున్న సిస్టమ్‌లో ఉంది. పుత్తూరులో మా బావ చేత్తో బిల్లు రాస్తాడు, రాత్రి షట్టర్ దించే ముందు ఆ పేజీలన్నీ ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడతాడు, మా గుమాస్తా పొద్దున్నే వచ్చి వాటిని ట్యాలీలోకి ఎక్కిస్తాడు. ఆయన లీవు పెట్టాడంటే బిల్లులు పేరుకుపోతాయి. దీనివల్ల స్టాకు ఎప్పుడూ ఒక రోజు వెనకే ఉంటుంది. ముప్పావు ఇంచి సీపీవీసీ ఎల్బోలు రెండొందలు ఉన్నాయని ట్యాలీ చూపిస్తుంది, ప్లంబర్ వచ్చి నిలబడ్డాక గోడౌనుకు ఫోన్ చేస్తే అవి నిన్ననే పుత్తూరుకు పోయాయి అంటారు. ప్లంబర్ ఆగుతాడా, పక్కంగడికి పోతాడు.

ఇప్పుడు ఒకాయన వచ్చి క్లౌడ్ ట్యాలీ పెట్టుకోండి, యూజర్‌కి నెలకింత కట్టండి, రెండు చోట్లా బిల్లు కొట్టుకోవచ్చు, ఫోన్‌లో కూడా చూసుకోవచ్చు అంటున్నాడు. వినడానికి బాగానే ఉంది. మా నాయనేమో ఒకటే మాట: మన బాకీల లిస్టు, మన కొనుగోలు రేట్లు తీసుకుపోయి ఎక్కడో ఎవడి దగ్గరో ఎందుకు పెట్టాలి? ఆ మాటా తీసెయ్యలేను. అట్లని ఇప్పుడున్నది భద్రమా అంటే అదీ లేదు, బ్యాకప్ అంతా గుమాస్తా తాళాల గుత్తికి వేలాడే ఒక పెన్‌డ్రైవ్. 2021 నవంబరు వానలకు తిరుపతి మునిగినప్పుడు మా వరుసలోనే ఒకరి సీపీయూ నీళ్లలో నానిపోయింది. ఎవరు ఎంతివ్వాలో నోటిలెక్కనే అడిగి వసూలు చేసుకున్నారు, ఇచ్చినోళ్లు ఇచ్చారు, లేనోళ్లు లేదు.

టర్నోవర్ ఏడాదికి మూడు కోట్ల చిల్లర. నెట్ పోతే బిల్లు ఆగిపోతుందా? ఆ కంపెనీ రేపు మూసేస్తే మా లెక్కలు ఏమవుతాయి? జీఎస్‌టీ వాళ్లు దీన్ని ఒప్పుకుంటారా? వాడుతున్నవాళ్లు చెప్పండి, అమ్మేవాళ్లు దయచేసి వద్దు.

కొర్లగుంట_కుర్రోడు:

అన్నా, మూడు కోట్లకి క్లౌడ్ ఏంది సామీ. పుత్తూరులో ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ పడెయ్, ఎనీడెస్క్ పెట్టు, బావ అక్కడి నుంచే మీ సిస్టమ్‌లో బిల్లు కొడతాడు. పైసా ఖర్చు లేదు. మా ఫ్రెండ్ అంగట్లో అట్లే నడుస్తోంది.

చిత్తూరు_లెక్కలు:

నేను చిత్తూరులో ట్యాక్స్ ప్రాక్టీసు చేస్తాను, మీలాంటి అంగళ్ల లెక్కలే చూస్తుంటాను. ముందు రూల్స్ సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే అమ్మడానికి వచ్చినవాళ్లు ఎక్కువగా భయపెట్టేది దాంతోనే.

జీఎస్‌టీలో లెక్కలు కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు, క్లౌడ్‌లో పెట్టకూడదనీ లేదు, పెట్టి తీరాలనీ లేదు. కానీ సీజీఎస్‌టీ రూల్స్‌లో 57వ రూలు ఒకటుంది, దాన్ని ఎవరూ చదవరు. ఎలక్ట్రానిక్ రికార్డులకు సరైన బ్యాకప్ ఉండాలి, ప్రమాదం జరిగినా ప్రకృతి వల్ల పోయినా సమంజసమైన సమయంలో తిరిగి తీయగలిగేలా ఉండాలి అని అందులో ఉంది. అంటే 2021లో మీ వరుసలో జరిగింది కూడా సాకుగా పనికిరాదు. ఆ రికార్డులు ఎన్నాళ్లు ఉంచాలి అంటే, ఆ సంవత్సరం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. ఆరేళ్లు. తాళాల గుత్తికి వేలాడే పెన్‌డ్రైవ్ ఆరేళ్లు బతుకుతుందా, మీరే చెప్పండి.

ఇండియాలో ఉన్న సర్వర్‌లో రోజూ బ్యాకప్ పెట్టాలి, ఎడిట్ లాగ్ (ఎంట్రీని ఎవరు ఎప్పుడు మార్చారో దాచే రికార్డు) ఉండాలి అని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, అది కంపెనీల చట్టం కింద రిజిస్టర్ అయిన కంపెనీలకు. ఎడిట్ లాగ్ రూలు వాళ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మీది ప్రొప్రయిటర్‌షిప్పో పార్ట్‌నర్‌షిప్పో అయితే ఇది మీకు వర్తించదు. ఈ-ఇన్‌వాయిస్ కూడా 5 కోట్లు దాటినవాళ్లకే, 2023 ఆగస్టు 1 నుంచి ఆ హద్దు నడుస్తోంది. అయితే 2017-18 నుంచి ఇప్పటిదాకా ఏ ఒక్క సంవత్సరం 5 కోట్లు దాటినా మీరు అందులోకి వచ్చేస్తారు, తర్వాత టర్నోవర్ తగ్గిందన్నా వదలరు. రెండో అంగడి పెట్టారు కాబట్టి ఆ గీత మీకు మరీ దూరం కాదు. ఆ రోజు వస్తే రాత్రి వాట్సాప్‌లో ఫోటోలు పంపే పద్ధతి అసలు కుదరదు, వ్యాపారస్తులకు కొట్టే ప్రతి బిల్లుకీ ముందు పోర్టల్ నుంచి నంబరు, క్యూఆర్ కోడ్ రావాలి.

ఇంకోటి, మీరు అడగలేదు కానీ చెబుతున్నా. పుత్తూరు అంగడిని జీఎస్‌టీ రిజిస్ట్రేషన్‌లో అదనపు వ్యాపార స్థలంగా చేర్చారా? చేర్చకపోతే క్లౌడ్ కంటే ముందు ఆ పని చేయండి. పుత్తూరుకు వేరే బిల్లు సిరీస్ పెట్టుకోండి, రూల్ ప్రకారం ఎన్ని సిరీస్‌లైనా ఉండొచ్చు, నంబరు 16 అక్షరాలు దాటకుండా ఆ సంవత్సరంలో వరుసగా ఉంటే చాలు. గోడౌను నుంచి పుత్తూరుకు పోయే సరుకుకు డెలివరీ చలాన్ రాయాలి, విలువ 50,000 దాటితే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లు కూడా. అమ్మకం కాదు కదా, మన సరుకే కదా అనుకుంటారు చాలామంది, సరుకు కదిలిందా లేదా అన్నదే అక్కడ లెక్క. మీ ఎల్బోల కథ సగం ఇక్కడే ఉంది. చలాన్ ట్యాలీలో ఎక్కించాకే బండి కదలాలి అని గోడౌనులో గట్టిగా పెడితే, ఏ క్లౌడూ లేకుండానే స్టాకు చాలావరకు దారికొస్తుంది.

సిస్టమ్_సర్వీస్_బైరాగిపట్టెడ:

కొర్లగుంట తమ్ముడూ, ఎనీడెస్క్‌లో బావ బిల్లు కొడుతుంటే తిరుపతిలో అదే స్క్రీన్ మీద మౌసు దానంతటదే కదులుతుంటుంది, గుమాస్తా చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఒక సిస్టమ్, ఒక స్క్రీన్, ఇద్దరికి ఎట్లా సరిపోతుంది? పైగా దాని ఫ్రీ వెర్షన్ సొంత వాడకానికి, వ్యాపారానికి కాదు.

ప్రశ్న అడిగిన అన్నకు. క్లౌడ్ అని ఒకే మాట అంటున్నారు గానీ మీ ముందు మూడు వేరే వేరే సరుకులు ఉన్నాయి. ఒకటి, బ్యాకప్ ఫైలును మాత్రం ఆన్‌లైన్‌లో దాచుకోవడం. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. గూగుల్ అకౌంటుతో ఉచితంగా వచ్చే 15 జీబీ మీ సైజు అంగడికి చాలు, ట్యాలీ బ్యాకప్ ఎంత పెద్దగా ఉంటుందని. రెండోది, మీ ట్యాలీనే తీసుకుపోయి వేరేవాళ్ల సర్వర్‌లో పెట్టి దాన్ని మీరు నెట్ ద్వారా తెరవడం. మీ దగ్గరికి వచ్చినాయన అమ్ముతున్నది ఇదే. మూడోది, అసలు బ్రౌజర్‌లోనే నడిచే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్, జోహో బుక్స్ లాంటివి. ఇందులో ట్యాలీ ఉండదు, మీ గుమాస్తా చేతివాటం అంతా మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ట్యాలీలో కళ్లు మూసుకుని వోచర్ కొట్టే మనిషికి మౌసుతో బిల్లు చేయమంటే ఎంత చిరాకో మీకు తెలిసే ఉంటుంది.

నాలుగో దారి ఒకటుంది, అమ్మేవాళ్లు ఎత్తరు, ఎందుకంటే అందులో వాళ్లకు నెలనెలా ఏమీ రాదు. మీ ట్యాలీ లైసెన్సుకు టీఎస్‌ఎస్ (ట్యాలీ వాళ్లకు కట్టే సర్వీసు చందా) నడుస్తుంటే ట్యాలీలోనే రిమోట్ యాక్సెస్ ఉంది, రెండు చోట్ల డేటాను ఒకదానితో ఒకటి సింక్ చేసుకునే సౌకర్యమూ ఉంది. డేటా మీ సిస్టమ్‌లోనే ఉంటుంది కాబట్టి నాయనగారికీ నచ్చుతుంది. ఇబ్బంది ఏమిటంటే తిరుపతి సిస్టమ్ ఆన్‌లో ఉండాలి, అక్కడ నెట్ ఉండాలి. సింక్ పెట్టుకుంటే మాత్రం పుత్తూరులో నెట్ పోయినా వాళ్ల బిల్లు వాళ్లు కొట్టుకుంటారు, నెట్ వచ్చాక రెండు వైపులా కలుస్తాయి. దీనికి అక్కడ కూడా లైసెన్సు ఉండాలి, ఆ ఖర్చును మూడేళ్ల క్లౌడ్ అద్దె పక్కన పెట్టి చూసుకోండి.

చేయకూడనివి రెండు చెప్తాను, ఈ చుట్టుపక్కల అంగళ్లలో తరచూ చూసేవే. ట్యాలీ డేటా ఫోల్డర్‌నే తీసుకుపోయి గూగుల్ డ్రైవ్ సింక్ ఫోల్డర్‌లో పెడతారు, రెండు చోట్లా తెరుచుకోవచ్చని. ట్యాలీ తెరిచి ఉండగా ఆ ఫైళ్లు సగం సగం అప్‌లోడ్ అవుతాయి, రెండు చోట్లా ఒకేసారి తెరిచారంటే డేటా పాడవుతుంది. డ్రైవ్‌లోకి పోవాల్సింది ట్యాలీ మూసేశాక తీసిన బ్యాకప్ ఫైలు మాత్రమే. రెండోది, రౌటర్‌లో 3389 పోర్టు తెరిచేసి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌తో బయటి నుంచి ఎక్కడం. అది నడిరోడ్డు మీద గల్లా పెట్టె తెరిచి పెట్టడమే. రాన్సమ్‌వేర్ వాళ్లు, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే దొంగలు, ఆ పోర్టు ఎక్కడ తెరిచి ఉందో ఇంటర్నెట్ అంతా జల్లెడ పడుతుంటారు. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు మన చిత్తూరు జిల్లా పోలీసుల కంప్యూటర్లకు కూడా తగిలింది, గుర్తుందా? అది దూరింది వేరే సందులోంచి, విండోస్ అప్‌డేట్ చేయకుండా వదిలేసిన సిస్టమ్‌లలోంచి. మీ గల్లా పక్కన ఉన్నది ఇంకా విండోస్ 10 అయితే దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, అదీ చూసుకోండి.

తోతాపురి_ర్యాంపు:

మాది బంగారుపాళ్యం వైపు మామిడి ర్యాంపు, అంటే రైతుల కాయ కాటా వేసి ఫ్యాక్టరీలకు తోలే చోటు. నేను మూడేళ్లుగా క్లౌడ్‌లోనే ఉన్నా, తిట్టుకుంటూనే ఉన్నా, కానీ వదల్లేదు. ఎందుకో చెప్తా.

మా పని జూన్, జూలై. ఆ రెండు నెలలు పగలూ రాత్రీ ట్రాక్టర్లు, కాటా చీటీలు, రైతు పేరు, బరువు, అందులో కోత, లోడు ఏ ఫ్యాక్టరీకి పోయింది, ఎంత వెనక్కి వచ్చింది. అప్పుడు నలుగురు పిల్లోళ్లు ఎంట్రీ కొట్టాలి. ఆగస్టు తర్వాత నేనొక్కణ్ణే, అదీ వారానికోసారి. నాలుగు సిస్టమ్‌లు కొని ఏడాదంతా దుమ్ము కొట్టించడం కంటే రెండు నెలలు నాలుగు యూజర్లకు కట్టి తర్వాత ఒకటికి తగ్గించుకోవడం నాకు కలిసొచ్చింది. 2025లో తోతాపురి మామిడికి ఫ్యాక్టరీ కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని చెప్పినప్పుడు ఏ రైతు ఏ రోజు ఎంత తోలాడు అనేది ఎవరడిగినా చూపించాల్సి వచ్చింది. చీటీల కట్టలు విప్పుకుంటూ కూర్చున్న ర్యాంపులూ ఉన్నాయి, మాకు మాత్రం పేరు కొడితే వచ్చేసింది. మీ అంగడికి ఇట్లా సీజన్ లేదు కాబట్టి నా లెక్క మీకు పనికిరాకపోవచ్చు, పన్నెండు నెలలూ ఒకేలా అద్దె కట్టాల్సి వస్తుంది, దాని మీద 18 శాతం జీఎస్‌టీ, అది ఇన్‌పుట్‌గా, అంటే మీరు కట్టే జీఎస్‌టీలో తగ్గింపుగా, వస్తుందనుకోండి.

తిట్టుకునేది దేనికంటే, మొదట పెట్టుకున్న కంపెనీ, పేరెందుకులే. రెండో ఏడాది రేటు పెంచారు, మేం వేరే చోటికి పోతాం మా డేటా ఇవ్వండి అంటే బిల్లులన్నీ పీడీఎఫ్‌లుగా చేసి ఇచ్చినారు. వేలకు వేలు పీడీఎఫ్‌లు. వాటిని ఏం చేసుకోను, నెత్తిన పెట్టుకోనా? ట్యాలీ బ్యాకప్ ఫైలు ఇవ్వమంటే మా సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదు సార్ అని ఒకటే పాట. చివరికి ఎక్సెల్‌లో వచ్చింది, అది కూడా సీజన్ మొదలయ్యే వారం ముందు. ఇప్పుడున్న చోట ప్రతి శనివారం బ్యాకప్ నేనే డౌన్‌లోడ్ చేసి ఇంట్లో హార్డ్ డిస్కులో వేస్తా. కాబట్టి కంపెనీ మూసేస్తే ఏమిటని కాదన్నా, రేపు పొద్దున నువ్వే వెళ్లిపోతానంటే ఏమిస్తారు, ఏ రూపంలో ఇస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, అది కాగితం మీద రాయించుకో. రాయడానికి నసిగితే ఆ మనిషికి టీ తాగించి పంపించెయ్.

నెట్ సంగతి. మా వైపు రోడ్డు తవ్విన ప్రతిసారీ ఫైబర్ తెగుతుంది. ఫోన్ హాట్‌స్పాట్‌తో బిల్లు నడిచిపోతుంది, క్లౌడ్ ట్యాలీకి పెద్ద స్పీడు అక్కర్లేదు, స్క్రీన్ బొమ్మ మాత్రమే వస్తుంది. ఫైబర్ ఒక కంపెనీది, సిమ్ ఇంకో కంపెనీది ఉండేలా చూసుకోండి చాలు. ప్రింటర్‌తోనే తలనొప్పి. సర్వర్‌లో బిల్లు కొడితే ఇక్కడి ప్రింటర్‌లో రావాలి కదా, అది ఒక్కోసారి మొరాయిస్తుంది. ట్రయల్ తీసుకున్నప్పుడు మొదట చూడాల్సింది మీ బిల్లు ప్రింటర్‌లో కాగితం వస్తుందా లేదా అని.

పైపుల_అంగడి, తిరుపతి:

అందరికీ చాలా థాంక్స్. పుత్తూరు అడ్రసు రిజిస్ట్రేషన్‌లో ఎక్కించే ఉంది. టీఎస్‌ఎస్ అయిపోయి చాలా కాలమైందట, ఇప్పుడే గుమాస్తాను అడిగా. విండోస్ 10 అన్నది కూడా నిజమే.

ఒక అనుమానం. గుమాస్తా వెంటనే తన జీమెయిల్‌లోనే డ్రైవ్ పెట్టి బ్యాకప్ వేసేస్తా అంటున్నాడు. మంచి మనిషే, మా నాయన దగ్గర చాలా ఏళ్లుగా ఉన్నాడు. ఫర్వాలేదా? నాయన భయం ఇప్పుడు కొంచెం మారింది, సర్వర్ ఎక్కడుంది అని అడుగుతున్నాడు, బయట దేశమైతే వద్దంటున్నాడు.

చిత్తూరు_లెక్కలు:

వద్దు. మనిషి మీద అనుమానంతో కాదు. మా దగ్గరికి వచ్చే గొడవల్లో ఇదొకటి, గుమాస్తా మానేస్తాడు, లేదా ఆయన ఫోన్ పోతుంది, ఓటీపీ ఆ నంబరుకే పోతుంది, ఓనరు తన లెక్కలు తాను చూడ్డానికి వాళ్ల ఇంటి చుట్టూ తిరగాలి. అంగడి పేరు మీద కొత్త జీమెయిల్ ఒకటి తెరవండి, ఫోన్ నంబరు నాయనగారిది, రికవరీ మెయిల్ మీది. గుమాస్తాకు అందులో ఫైలు వేసే దారి మాత్రం ఇవ్వండి. క్లౌడ్ ట్యాలీ తీసుకున్నా ఇదే పద్ధతి, అడ్మిన్ లాగిన్ అమ్మినవాడి దగ్గరో, ఆడిటర్ దగ్గరో, నాలాంటివాడి దగ్గరో ఉండకూడదు. జీఎస్‌టీ పోర్టల్ లాగిన్‌లో కూడా మీ నంబరే ఉందో మా ట్యాక్స్ ప్రాక్టీసు వాళ్ల నంబరు ఉందో ఒకసారి చూసుకోండి, చాలా అంగళ్లలో ఓనరు నంబరు ఉండదు.

నాయనగారి బాకీల లిస్టు సంగతి నిజంగా ఆలోచించాల్సిందే. అది బయటికి పోయేది ఎక్కువగా సర్వర్ నుంచి కాదు, అందరికీ ఒకటే పాస్‌వర్డ్ ఉన్న ట్యాలీ నుంచి. పుత్తూరు వాళ్లకు బిల్లు, స్టాకు కనిపిస్తే చాలు, కొనుగోలు రేట్లు కనిపించనక్కర్లేదు. యూజర్లను విడివిడిగా పెట్టి ఎవరికి ఏది కనిపించాలో ట్యాలీలోనే కట్టడి చేయొచ్చు.

సిస్టమ్_సర్వీస్_బైరాగిపట్టెడ:

సర్వర్ ఎక్కడుంది అన్నదానికి: అమెజాన్ వాళ్లకు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి డేటా సెంటర్లు ఉన్నాయి, మైక్రోసాఫ్ట్‌కి చెన్నై, పుణెల్లో ఉన్నాయి. చిన్న చిన్న క్లౌడ్ ట్యాలీ కంపెనీలు చాలావరకు ఇట్లాంటి పెద్దవాళ్ల దగ్గర అద్దెకు తీసుకుని మీకు తిరిగి అద్దెకిస్తాయి. మీకు అమ్మడానికి వచ్చినాయన్ని ఏ సెంటర్, ఏ ఊరు అని అడగండి. మా ఆఫీసులోనే సర్వర్ ఉంది సార్ అన్నాడంటే ఆ ఆఫీసుకు కూడా వాన వస్తుంది, కరెంటు పోతుంది. ట్యాలీ లైసెన్సు మీ పేరు మీదే వాడతారా అనీ అడగండి. మరీ తక్కువ రేటు చెప్తే అక్కడ నడిచేది క్రాక్ కాపీ కావచ్చు.

నా సలహా అయితే ఈ నెల క్లౌడ్ ట్యాలీ జోలికి పోకండి. ముందు సిస్టమ్ మార్చండి, టీఎస్‌ఎస్ కట్టండి, రోజూ రాత్రి బ్యాకప్ తీసి ఒకటి డ్రైవ్‌లోకి, ఒకటి హార్డ్ డిస్కులోకి వేయండి. పని అయ్యాక ఆ హార్డ్ డిస్కు తీసి ఇంటికి తీసుకుపోవాలి, సిస్టమ్‌కే తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు. పుత్తూరుకు రిమోట్ యాక్సెస్ ఇచ్చి చూడండి. అది సరిపోకపోతే, ఇద్దరు ముగ్గురు ఒకేసారి పని చేయాల్సి వస్తే, అప్పుడు క్లౌడ్ తీసుకోండి, అదీ ఏడాదికి ముందే కట్టకుండా నెలవారీగా.

పైపుల_అంగడి, తిరుపతి:

సరే అన్నా, అట్లే చేస్తాం. ఆదివారం మధ్యాహ్నం అంగడి ఉండదు, అప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్న బ్యాకప్ అసలు తెరుచుకుంటుందో లేదో చూస్తాం. ఇన్నాళ్లూ తీస్తూనే ఉన్నారు గానీ ఒక్కసారి కూడా తిరిగి తెరిచి చూసినట్టు లేదు.

సిస్టమ్_సర్వీస్_బైరాగిపట్టెడ:

చూసేటప్పుడు జాగ్రత్త, రీస్టోర్ ఇప్పుడు నడుస్తున్న డేటా ఫోల్డర్‌లోకి కొట్టారంటే పాతది వచ్చి కొత్తదాని మీద కూర్చుంటుంది. వేరే ఫోల్డర్ చేసుకుని అందులోకి తీయండి, వీలైతే ఇంకో ల్యాప్‌టాప్‌లో. ట్యాలీలో మీ అంగడి డేటాకు ట్యాలీవాల్ట్ పాస్‌వర్డ్ (డేటాకు వేసే తాళం) పెట్టి ఉందా అని గుమాస్తాను ముందే అడగండి, అది మర్చిపోతే ట్యాలీ వాళ్లు కూడా తీసివ్వలేరు. ఉంటే ఒక కాగితం మీద రాయించి నాయనగారి బీరువాలో పెట్టించండి.